ఆరామ్ అంటే పడుకోమని కాదు

2022 వర్షాకాలం. మధ్య అండమాన్‌లోని రంగత్ బజారు వెనక వీధిలో చిన్న ఫిజియోథెరపీ గది నడుపుతున్నాను. మందులిచ్చేది డాక్టర్లు, కండరాలకీ కీళ్లకీ మళ్లీ పని నేర్పేది మేము. అదీ ఒక పనేనా అనేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకరోజు రమణ అనే ప్రభుత్వోద్యోగి గొడుగు మడవకుండానే గుమ్మంలో నిలబడి అడిగాడు.

“మేడమ్, మా అమ్మకి వీల్‌చైర్ ఏ సైజు తెప్పించాలి? రేపు పోర్ట్ బ్లెయిర్ నుంచి మావోడు వస్తన్నాడు.”

“మనిషిని చూడకుండా సైజేమిటయ్యా? పద,” అన్నాను.

వాళ్లమ్మ సూరమ్మ నాకు తెలియని మనిషి కాదు. శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా ఇక్కడికొచ్చి, భర్త పోయాక బజారులో ఫ్యాన్సీ షాపు ఒంటిచేత్తో నడిపింది. గాజులు, నైటీలు, పిల్లల గౌన్లు. ఆవిడతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. అలాంటి మనిషి ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. షుగరు పాతదే. ఆ వేసవిలో హార్ట్ ఫెయిల్యూర్ అని తేలింది. పేరు వింటే గుండె ఆగిపోయిందనుకుంటారు. కాదు, రక్తాన్ని నెట్టే బలం తగ్గడం. మందులతో ఆయాసం అదుపులోకి వచ్చింది, కాళ్ల వాపు తీసింది. కానీ లేచి నిలబడమంటే తొడలు గడగడ వణికాయి.

“ఇది గుండె చేసింది కాదు, మంచం చేసిన పని,” అన్నాను. మేము డీకండిషనింగ్ అంటాం. వాడక లేక కండ కరిగిపోవడం.

“నాను సెప్తే ఇన్నాడా ఈడు?” సూరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. “బాత్రూమ్‌కి కూడా పట్టుకునే తీసుకెల్తాడు. షాపు కిరాయికిచ్చేత్తాడంట. బతికుండగానే నన్ను పాత సామాన్ల కింద కట్టేత్తన్నారమ్మా!”

“డాక్టర్ సాబే చెప్పారు మేడమ్!” అన్నాడు రమణ.

“ఏమన్నారు? ఆయన మాటల్లోనే చెప్పు.”

“‘అబ్ సబ్ కామ్ ఆరామ్ సే కర్నా’ అన్నారు. అందుకే ఆరామ్ చేయిస్తన్నాం.”

నాకు ఒళ్లు మండింది. “నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఆరామ్ సే అంటే మెల్లగా, తొందరపడకుండా అని. పనులన్నీ చేసుకోమన్నారయ్యా, పడుకోమనలేదు!”

రమణకి హిందీ రాక కాదు. మా దీవుల్లో రోజంతా హిందీలోనే బతుకుతాం. అమ్మకేమవుతుందోనన్న భయంలో విశ్రాంతి అనే ‘ఆరామ్’ ఒక్కటే చెవిన పడింది, పక్కనున్న ‘సే’ జారిపోయింది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ “ఆరామ్ కరో ఆంటీ” అని ఇంకో మేకు కొట్టిపోయారు.

అక్కడినుంచే డాక్టరుకి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టాను. మెల్లగా నడిపించండి, ఛాతీనొప్పి గానీ కళ్లు తిరగడం గానీ వస్తే వెంటనే ఆపి నాకు చెప్పండి అన్నారాయన. రమణ అప్పటికప్పుడే వీల్‌చైర్ వద్దని వాళ్లవాడికి ఫోన్ చేశాడు.

మొదట కుర్చీలోంచి చేతులానించకుండా లేవడం, కూర్చోవడం. తర్వాత వరండా, ఆ తర్వాత వీధి. ఎంత వేగంగా నడవాలో తెలియడానికి మాకు టాక్ టెస్ట్ అని ఒకటుంది: నడుస్తూ మాట్లాడగలిగితే సరే, మాట తెగితే ఆగాలి. సూరమ్మకి మాటలు వెతుక్కోవాల్సిన పని లేదు. నడిచినంతసేపూ కొడుకుని తిట్టేది. “సచ్చినోడా, నా షాపు తాళం ఎవుడికిచ్చావురా?” తిట్టు మధ్యలో తెగితే కుర్చీ వేసేవాళ్లం. ఆ కుర్చీ మోసేది రమణే, పాపం. వీధిలోవాళ్లు “గిర్ జాయేగా ఆంటీ!” అని కేకేస్తే, “పడితే లెగుత్తాను, మీకేటి?” అనేది. కాళ్లు ఉబ్బిన రోజున నేనే నడక మాన్పించి డాక్టరుకి ఫోన్ చేసేదాన్ని. ఆ రోజు తిట్లు నాకు.

వానలు తగ్గాక ఓ ఉదయం బజారుకి బయల్దేరాం. దారిలో తెలిసిన కొట్ల ముందు కూర్చుంటూ, లేస్తూ చేరాం. షాపు తెరిచే ఉంది. లోపల ఒకతను టేపు పట్టుకుని అరలు కొలుస్తున్నాడు. రమణ ముఖం పాలిపోయింది. ముందే ఒప్పుకుని తాళం ఇచ్చేసిన మనిషికి ఇక అద్దెకివ్వనని చెప్పలేకపోయాడట.

“ఏటి కొలుత్తన్నావు భయ్యా?” అంది సూరమ్మ.

షాపు తను కిరాయికి తీసుకుంటున్నానని అతను హిందీలో చెప్పాడు.

“కిస్ కా దుకాన్? మాలకిన్ మై హూఁ!” షాపు యజమానురాలు తనేనని తేల్చేసింది. “గాజులు కావాలంటే కొనుక్కో. లేదంటే దారొదులు.”

అతను టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. సూరమ్మ గల్లా వెనక కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుని నావైపు చూసింది. “నువ్వేటలా నిలబడ్డావు? ఓ నైటీ తీసుకో. బోణీ చెయ్యి.”

ఆవిడ జబ్బు నయం కాలేదు, కాదు కూడా. మాత్రలు వేసుకుంటూ పొద్దుటిపూట మాత్రం షాపులో కూర్చుంటోంది. ఆ కేసు తర్వాత నా అలవాటు మారింది. ఎవరొచ్చినా ముందు “ఎక్కడ నొప్పి?” అని అడగను, “మీరు ఎక్కడికి వెళ్లాలి?” అని అడుగుతాను. చాలామంది జవాబు కోసం ఇంట్లోవాళ్ల ముఖం చూస్తారు. అప్పుడు ఇంట్లోవాళ్లని బయటికి పంపి, తలుపేసి, మళ్లీ అడుగుతాను.