కన్ను పెట్టని ఏనుగు

నిన్న సాయంత్రం కుక్కర్ మూడో విజిల్ వేసినప్పుడు, ఢిల్లీ పక్కన వైశాలిలోని మా ఫ్లాట్ వంటింట్లోకి లక్క కాగే వాసన వచ్చింది. ఏం జరుగుతోందో తెలియకముందే భయం వేసింది. బాల్కనీలోకి పరుగెత్తాను. మా నాన్న, మా బాపు, చెక్కుతూ వదిలేసిన ఇత్తడి రేకు ఏనుగును, దాని కింది లక్క పలకతో సహా, ఏడేళ్ల మా అమ్మాయి కొవ్వొత్తి మీద పట్టుకుని ఉంది. అంచున లక్క కరిగి జారుతోంది. నాలుగేళ్ల తమ్ముడు మేకు పట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

"మమ్మా, హాథీకి ఆంఖ్ లేదు. మేం పెడుతున్నాం," అంది, ఏనుగు ముఖం మీద కన్ను లేని చోటు చూపిస్తూ.

కొవ్వొత్తి ఊదేసి, ఏనుగును బీరువాలో పెట్టి తాళం వేశాను.

జనగామ వైపు మా ఊళ్లో, బాపు పనిచేసే కొట్టంలో ఈ వాసన ఏడాదంతా ఉండేది. ఎండాకాలం లక్క మెత్తబడుతుందని తెల్లారకముందే సుత్తి చప్పుడు మొదలయ్యేది. చలికాలం కుంపటి రాజేసి, గుగ్గిలం, ఇటుక పొడి, నూనె కలిపి కాచిన లక్కను పలక మీద పోసి, రేకు అతికించి, గుడి తలుపులకు కాపలా సింహాలూ, సిరి తెచ్చే ఏనుగులూ చెక్కేవాడు. బతుకమ్మ రోజుల్లో పిల్లలం మేం సత్తుపిండి ముద్దలు తింటూ, రేకు వెనకవైపు గుంటలు చూసి అది ఏ జంతువో చెప్పే ఆట ఆడేవాళ్లం.

కన్ను మాత్రం అన్నిటికన్నా చివర. ముందే ఉబ్బించి పెడితే, రేకు తిప్పి కొట్టేటప్పుడు అణిగిపోతుంది. బాపు మాకు చెప్పింది వేరు: "కన్నొస్తే కాళ్లు రాకముందే లేచి పోతది."

నాకు ఎనిమిదేళ్లప్పుడు, బాపు అన్నానికి లేచాక, ఒక సింహానికి కన్ను నేనే పెడదామని, రేకు కింద పోయడానికి లక్క గరిటె అందుకున్నాను. లక్క తొణికి మణికట్టు మీద పడింది. కాగిన లక్క జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. నాయనమ్మ కలబంద గుజ్జు రాస్తుంటే బాపు పక్కనే నిలబడి, "నీకు ఇటు దిక్కు పనిలేదు బిడ్డా, సదువుకో" అన్నాడు. మర్నాటి నుంచి కొట్టం తలుపుకు గొళ్లెం పడింది. నేను చదువుకున్నాను.

ఈ ఏనుగు మా అమ్మాయి పుట్టిందని మొదలుపెట్టాడు. పూర్తికాకముందే పోయాడు. కన్ను పెట్టగల చెయ్యి మా ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఊళ్లో మా వీధిలో ఇప్పుడు రేకు మీద బొమ్మలు ఒత్తే అచ్చు యంత్రం ఉంది. సింహాలన్నిటికీ ఒకటే ముఖం.

నిన్న తాళం వేస్తూ నేను పిల్లలతో అన్నదీ బాపు అన్నలాంటి మాటే: "ఇంకోసారి ఇటు రావద్దు."

ఈ ఉదయం స్కూల్ బస్సు కోసం కిందికి దిగుతూ ఇద్దరికీ చెప్పాను.

"నిప్పు ముట్టుకుంటే వీపు పగులుతది. ఐతారం బడి ఉండదు, లక్క నేను కాగబెడత. చల్లారినంక ఉలి మీ చేతికిస్త, పాత డబ్బా రేకు మీద కొట్టుండ్రి."

"మమ్మా, నీకు వస్తుందా?"

"రాదు బిడ్డా. మస్తు వంకర పోతది. పోనీ."