గూడబాతుల లేసు

హైదరాబాదులో ఉండే ఒకావిడ నా పేజీలో, అందరికీ కనబడేలా, "ఈమె దొంగ" అని రాసింది. పొద్దున్నే వంటింట్లో పప్పు కడుగుతూ ఫోన్ చూశాను. ఎవరి గురించో అనుకున్నాను. రెండోసారి చదివితే నా గురించే. "ఇదే డిజైను తాడేపల్లిగూడెం షాపువాళ్ళు చాలా తక్కువకి ఇస్తున్నారు. వాళ్ళ ఫొటోలు ఎత్తుకొచ్చి ఈమె తాను చేత్తో అల్లానని చెబుతోంది. మోసపోకండి" అని రాసి, కింద ఆ షాపు లింకు కూడా పెట్టింది.

లింకు నొక్కాను. నా లేసు. నా కిటికీ గట్టు. లేసు అంచు పట్టుకున్న నా బొటనవేలు, గోరు కింద పసుపుతో సహా.

నేను వట్లూరులో ఉంటాను. కొక్కెం సూదితో లేసు అల్లి ఫోన్లోనే అమ్ముకుంటాను. అల్లేది నేనే, ఫొటోలు తీసేది నేనే, అడిగినవాళ్ళకి జవాబు చెప్పేది నేనే, అట్టపెట్టెలో సర్ది పోస్టాఫీసుకి మోసుకెళ్ళేదీ నేనే. పని నేర్పింది ఉండి అనే ఊళ్ళో ఉండే మా పెద్దమ్మ. ఆవిడ చిన్నతనంలో చర్చి కాంపౌండులో నేర్చుకుని, కళ్ళు మసకబారేదాకా అల్లింది. ఏజెంటు సైకిలు మీద వచ్చి మూట కట్టుకుపోయేవాడు. ఆ లేసు ఏ దేశం పోతుందో, ఎవరి బల్ల మీద పరుచుకుంటారో ఆవిడకి తెలియదు. పరుచుకున్నవాళ్ళకి ఉండిలో ఇలాంటి మనిషి ఒకతె ఉందనీ తెలియదు. నేను పేజీ తెరిచింది అందుకే. నా లేసు కొన్నవాళ్ళకి నా మొహం తెలియాలి.

గూడబాతుల డిజైను నా సొంతం. పెద్దమ్మ నేర్పినవన్నీ గులాబీలూ, ద్రాక్షగుత్తులూ, నెమళ్ళూ. నేను బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లల్ని తీసుకుని కొల్లేటికి వెళ్ళినప్పుడు, గూడబాతులు పడవ పక్కనే దిగాయి. అంత బరువైన పిట్ట అంత నెమ్మదిగా నీళ్ళమీద వాలడం చూసి నోరు తెరిచాను. ఆ తర్వాత చాలాకాలానికి గళ్ళ కాగితం మీద గీయడం మొదలుపెట్టాను. ఒక గడి నింపితే దారం, వదిలితే ఖాళీ. ముక్కు కింద సంచి రాలేదు. ఎలా అల్లినా బాతులాగే కనబడేది. అల్లడం, విప్పడం, మళ్ళీ అల్లడం. ఒక వర్షాకాలమంతా దానికే పోయింది. చివరికి సంచి కుదిరిన రోజున ఇంట్లో ఎవరూ లేరు. పక్కింటావిణ్ణి పిలిచి చూపిస్తే, "ఇది కొల్లేటి పిట్ట కదండీ!" అంది. చాలు అనుకున్నాను.

అలాంటి దాన్ని పట్టుకుని, నేను దొంగనట.

ఆవిడకి జవాబు రాసేలోపే నా పేజీ మాయమైంది. ఆ షాపువాళ్ళే యాప్ వాళ్ళకి ఫిర్యాదు చేశారు, నేను వాళ్ళ ఫొటోలు వాడుతున్నానని. ముందు ఎవరు ఫిర్యాదు చేస్తే వాళ్ళే సొంతదారు కాబోలు. నేను రాసిన ప్రతిదానికీ యాప్ నుంచి ఒకే జవాబు: మీ సహనానికి ధన్యవాదాలు. నాకు సహనం ఉందని వాళ్ళకెవరు చెప్పారు? ఎదురుగా మనిషి ఉంటే అడగొచ్చు, గట్టిగా మాట్లాడొచ్చు. ఇక్కడ ఎవరి మీద అరవాలి? ఫోన్ మంచం మీదకి విసిరికొట్టి, పగిలిందేమోనని మళ్ళీ నేనే వెళ్ళి చూసుకున్నాను. అది ఇంకా మండించింది.

మా ఆయన కాలేజీ ఆఫీసులో పనిచేస్తారు. సాయంత్రం వచ్చి అంతా విని, "పోనీలే, ఇంకో పేజీ పెట్టుకో" అన్నారు.

"ఏవండీ, రేపు మీ కుర్చీలో ఇంకొకడు కూర్చుని, మీరే దొంగ అంటే, ఇంకో కాలేజీ చూసుకుంటారా?"

"అదీ ఇదీ ఒకటా?"

ఆ మాటకి నేను వడ్డించడం ఆపేసి గిన్నె అక్కడే పెట్టి లేచిపోయాను. ఒకటి కాదు మరి. ఆయనది ఉద్యోగం, నాది కాలక్షేపం. ఇన్నేళ్ళ తర్వాత కూడా మా ఇంట్లో దాని పేరు అదే. ఉండికి ఫోన్ చేస్తే పెద్దమ్మ కూడా, "వదిలెయ్యవే అమ్మాయ్, వాళ్ళతో మనకెందుకు?" అంది. ఎవరికి చెప్పినా నన్నే ఊరుకోమన్నారు. తీసుకున్నవాణ్ణి ఇచ్చెయ్యమని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

నేను అల్లిన గూడబాతుల బల్లగుడ్డ సంచిలో పెట్టుకుని, మర్నాడు తాడేపల్లిగూడేనికి పాసింజరు ఎక్కాను. భీమడోలు దాటాక రెండువైపులా చేపల చెరువులు తళతళలాడుతున్నాయి. ఏం మాట్లాడాలో దారి పొడుగునా లోపల అనుకుంటూనే ఉన్నాను. ఎదుటి సీట్లో కూర్చున్నాయన ఒకసారి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. పెదాలు కదులుతున్నాయేమో.

షాపు మేడ మీద ఉంది. కర్టెన్లు, దిండు గలీబులు, అద్దాల బీరువాలు. యజమాని యాభై దాటినాయన, తెల్లచొక్కా. నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు.

"రండి రండి, కూర్చోండమ్మా. ఎండన పడి వచ్చారు. మజ్జిగ తాగుతారా, కూల్‌డ్రింక్ తెప్పించమంటారా?"

"ఏమీ వద్దండి. మీరు నా ఫొటోలు వాడుతున్నారు. నా డిజైను మిషను మీద కొట్టిస్తున్నారు. పైగా నా పేజీ తీయించారు."

"అయ్యయ్యో, అలాగంటారేంటండీ? ఫొటోలన్నీ ఆన్‌లైన్ చూసుకునే కుర్రాళ్ళు పెడతారండి. మనకేం తెలుస్తుంది చెప్పండి."

ఫోన్ తీసి వాళ్ళ ఫొటో చూపించాను. దాని పక్కన నా చెయ్యి పెట్టాను. "ఇది నా బొటనవేలు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా చూశాడు. ఫొటో చూశాడు, నా చెయ్యి చూశాడు. "బొటనవేళ్ళన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి కదమ్మా" అన్నాడు, ఎంతో మర్యాదగా.

మా వైపు మర్యాద గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకున్నదాన్నే. ఆ రోజు మాత్రం ఆ అండీలు ఒక్కొక్కటీ ఒంటిమీద చీమలా పాకాయి. వాడు కసిరినా, పొమ్మన్నా నాకు ఇంత అవమానంగా ఉండేది కాదు.

సంచిలోంచి బల్లగుడ్డ తీసి కౌంటరు మీద పరిచాను. ఆయన దాన్ని తడిమి చూశాడు. ఆ తడమడంలో తెలిసిపోయింది, పనితనం తెలిసినవాడే. "బాగుందమ్మా. చాలా బాగుంది. ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. ఒక్కరూ అల్లి, ఒక్కరూ అమ్మి ఎన్నాళ్ళు తిప్పలు పడతారు? మీరు అల్లి మాకిచ్చెయ్యండి. మా మనిషి ఇంటికొచ్చి పట్టుకెళ్తాడు. అమ్మడం సంగతి మేం చూసుకుంటాం. మీ పేరు ఎవరికీ అక్కర్లేదు, మీకు ఏ తలనొప్పీ ఉండదు."

నా పేరు ఎవరికీ అక్కర్లేదు!

అప్పుడు అరిచాను. నా జీవితంలో బయటివాళ్ళ మీద అలా అరవలేదు. ఇంట్లో కూడా లేదు. రైల్లో కూర్చుని పేర్చుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "నా వేలు నీది అన్నావు. ఇప్పుడు నా పేరు కూడా కావాలా నీకు? నీ ఇంట్లో ఆడవాళ్ళు ఒక్క గడి అల్లి చూపించమను!" అన్నాను. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిపోయిందో తెలియదు. మెట్లమీద జనం ఆగిపోయారు. కర్టెన్లు బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్ళు గుడ్డ వదిలేసి నావైపు తిరిగారు. పనిచేసే అమ్మాయిలు తలలు దించుకున్నారు. ఆయన మొహం మొదటిసారి మారింది. "మెల్లిగా మాట్లాడండమ్మా, కస్టమర్లున్నారు" అన్నాడు.

"ఉండనీ. విననీ. ఈయన అమ్మే పిట్టలు నావి!"

బేరమాడుతున్న ఇద్దరిలో పెద్దావిడ కౌంటరు దగ్గరికి వచ్చి నా లేసు చూసింది, అద్దాల బీరువాలో వేలాడుతున్న వాళ్ళ మిషను గూడబాతుల్ని చూసింది. ఎంచుకున్న కర్టెన్లు అక్కడే వదిలి కిందకి దిగిపోయింది. రెండో ఆవిడ మాత్రం, "ఇంతకీ రేటు ఎంతకిస్తారో చెప్పండి" అని ఆయన్నే అడిగింది. లోకం అలాగే ఉంటుంది. నేను గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఎక్కడా ఆగకుండా స్టేషనుకి నడిచాను.

బెంచీ మీద కూర్చుని పెద్దమ్మకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. "అల్లి మాకిచ్చెయ్యండి, మా మనిషొచ్చి పట్టుకెళ్తాడు" అన్న దగ్గర అవతల ఆవిడ ఊపిరి వినబడటం ఆగిపోయింది.

"లైన్లో ఉన్నావా పెద్దమ్మా?"

"ఉన్నానే. సరిగ్గా ఆ మాటే అన్నాడు నాతోనూ, ఆ ఏజెంటు. మా అమ్మ ముందర కూర్చుని, కాఫీ తాగుతూ. నేను తలూపేశాను." అని, "గట్టిగా అరిచావా?" అంది.

"అరిచాను."

"ఇంకాస్త అరవాల్సింది."

వదిలెయ్యమన్న మనిషే ఆ మాట అంది. ప్లాట్‌ఫారం మీద అందరిముందూ ఏడ్చేశాను.

తర్వాత సంగతి చప్పగా జరిగింది. గళ్ళ కాగితాలు, సగం అల్లినప్పటి ఫొటోలు, విప్పినవి, తప్పినవి అన్నీ యాప్ వాళ్ళకి పంపుతూనే ఉన్నాను. ఒకరోజు పేజీ తిరిగొచ్చింది. ఎందుకు తీశారో, ఎందుకు ఇచ్చారో ఒక్క ముక్క లేదు. షాపువాళ్ళు నా ఫొటో తీసేశారు. గూడబాతులు మాత్రం తీయలేదు. ఇప్పటికీ అమ్ముతున్నారు. వాటి ముక్కు కింద సంచి సరిగా కుదరలేదు, బాతుల్లాగే ఉన్నాయి. కొనేవాళ్ళకి అది పట్టదు.

పేజీ తిరిగి రావడం చూసిందేమో, హైదరాబాదావిడ విడిగా మెసేజీ పెట్టింది. "సారీ అండీ, నాకు తెలియక అన్నాను. ఏమీ అనుకోకండి. మా మరదలి పెళ్ళికి ఒకటి అల్లిపెడతారా?"

"దొంగ అని అందరికీ వినబడేలా అన్నారు కదండీ. ఈ మాట కూడా అక్కడే అనండి. అప్పుడు అల్లుతాను" అని రాశాను.

ఆవిడ చూసింది. జవాబు రాలేదు. మా ఆయన, "పెళ్ళి ఆర్డరు పోగొట్టుకున్నావు" అన్నారు. పోగొట్టుకోలేదండీ, పొమ్మన్నాను అన్నాను. మర్నాడు పోస్టాఫీసుకి పెట్టె ఆయనే తీసుకెళ్ళారు, అడగకుండానే. దానికి నేను కరిగిపోయానని అనుకోవద్దు.

ఇప్పుడు కొత్త పీడ. కొనేవాళ్ళందరూ ముందు రుజువు అడుగుతున్నారు. చేత్తో చేసిందేనా? వీడియో ఉందా? ఎత్తుకుపోయినవాణ్ణి ఎవరూ అడగరు, పోగొట్టుకున్నదాన్నే అడుగుతారు. మొన్న గణపవరం నుంచి ఒకావిడ చర్చి బల్లకి గుడ్డ కావాలని ఫోన్ చేసి అదే అడిగితే, "వీడియోలు లేవండి, కావాలంటే వచ్చి చూసుకోండి" అని కసిరాను. ఆవిడ నిజంగానే బస్సెక్కి వచ్చింది. వాకిట్లో కుర్చీ వేసుకుని చాలాసేపు నా చేతుల వంకే చూస్తూ కూర్చుంది. ఫోన్ బయటికి తీయలేదు.

"మెడ నొప్పెట్టదాండీ, ఇలా వంగి కూర్చుంటే?" అంది చివరికి.

కొన్నవాళ్ళెవరూ ఎప్పుడూ ఆ మాట అడగలేదు. "నొప్పెడుతుందండి" అన్నాను. ఆవిడ తలూపి, ఎప్పటికి అవుతుందో కూడా అడక్కుండా, కొలతలు చెప్పి వెళ్ళింది.