టిక్కీకీ డిక్కీకీ మధ్య: ఒంగోలు నుంచి ప్రత్తిపాడు దాకా

ఉదయం 6:10కి ఒంగోలు బస్టాండులో గుంటూరు బస్సెక్కాను. సంచిలో ఉన్నవి: కారు ఆర్సీ నకలు, నా లైసెన్సు, పాలసీ కాగితం, పదకొండు ఫోటోలు, ఒక నోటుపుస్తకం, ఒక ఇడ్లీ పొట్లం. కారు మా అక్కది. ఆమె అద్దంకి అవతల ఒక బడిలో టీచరు. రోజూ రెండు బస్సులు మారలేక పాత కారు కొనుక్కుంది. పన్నెండు రోజుల క్రితం నేను నడుపుతుండగా అది ప్రత్తిపాడు దగ్గర దెబ్బతింది. బీమా రాకపోతే మరమ్మతు ఖర్చు అక్క జీతంలోంచే పోతుంది.

జరిగింది ఇది. గుంటూరు యార్డుకి మిర్చి వేసుకెళ్తున్న ట్రాక్టరు వెనక వస్తున్నాను. ట్రాక్టరు గతుకులో పడగానే పైనున్న టిక్కీ ఒకటి జారి నా బోనెట్ మీద పడింది. టిక్కీ అంటే మా వైపు మిరపకాయలు తొక్కి కుట్టిన గోతం. ముందు అద్దం పగిలింది, బోనెట్ కుంగింది, గోతం చిరిగి కాయలు రోడ్డంతా పరుచుకున్నాయి. ఇక్కడ మిరపకాయలు రోడ్డు మీద పడితే ఎవరూ చూస్తూ నిలబడరు. ట్రాక్టరాయన, నేను, దారిన పోయే ఆటోవాళ్లు అందరం తుమ్ముకుంటూ ఏరాం. చిరిగిన గోతం మళ్లీ ట్రాక్టరెక్కాక, కాయ ఒక్కటీ లేని రోడ్డు మీద ఫోటోలు తీశాను. పదకొండూ చాలా స్పష్టంగా వచ్చాయి.

తర్వాత బీమావాళ్లకి ఫోన్ చేసి "టిక్కీ పడింది" అని చెప్పాను. అవతల ఎక్కడో మరో ఊళ్లో కూర్చున్న అమ్మాయి "డిక్కీ పడిపోయింది" అని రాసుకుంది.

9:05కి గుంటూరు చేరాను. ఆటోలో ఆటోనగర్‌లో కారు ఉంచిన షెడ్డుకి వెళ్లేసరికి 9:40. బీమా సర్వేయరు గారు అప్పటికే కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"వెనక డిక్కీ ఊడిపడిందని రాశారు. డిక్కీ గీత కూడా పడలేదండి. ముందు మాత్రం పచ్చడైంది," అన్నారు.

టిక్కీ అంటే ఏమిటో చెప్పాను. ఆయన నవ్వారు. "మాది శ్రీకాకుళం జిల్లా అండి. జీడిపిక్కల సంగతడగండి, చెప్తాను. సరే, నాకైతే అర్థమైంది. ఫైలుకి అర్థం కావాలి కదా."

ఫైలుకి అర్థం కావాలంటే కావలసినవి రెండు: నా వాంగ్మూలం మళ్లీ ఒకటి, కళ్లారా చూసినవాళ్ల కాగితం ఒకటి. రెండూ ఆ సాయంత్రంలోగా ఇవ్వాలి. లేదంటే చెప్పినదానికీ జరిగిన నష్టానికీ పొంతన లేదని క్లెయిమ్ మూసేస్తారు.

చూసినవాడంటే ట్రాక్టరాయనే. ఆయన్ని వెతకడానికి 10:50కి ప్రత్తిపాడు మీదుగా వెళ్లే పర్చూరు బస్సు దొరికింది. పక్క సీటులో చీరల మూటతో ఒక పెద్దావిడ. మంగళగిరి నుంచి వాయిదాల మీద చీరలు అమ్మడానికి వెళ్తున్నారట.

"ప్రత్తిపాడులో నీలం ట్రాక్టరు ఎవరిదో తెలుసా అండి?"

"సగం ఊరికి నీలం ట్రాక్టర్లే నాయనా. వెనక ఏమన్నా రాసుందా?"

నా నోటుపుస్తకం చూసి చెప్పాను: ప్రభువు దయ.

"అట్లా చెప్పు. దేవదానం గారిది. చర్చి పక్క సందు. వాళ్లావిడ నాకింకా రెండు వాయిదాలివ్వాలి, నేనొచ్చానని మాత్రం చెప్పబాక."

11:40కి దిగాను. దేవదానం గారు ఇంటి పంచలో కూర్చుని తాడు పేనుతున్నారు. గుర్తుపట్టి లేచారు.

"ఏం బాబూ, కేసు పెట్టావా?"

"లేదండి." సంగతంతా చెప్పాను. డిక్కీ దగ్గర ఆయన నవ్వు ఆగలేదు. లోపలికి కేకేశారు: "ఏమేవ్, మన టిక్కీకి నాలుగు చక్రాలు మొలిచాయంట."

ఆవిడ మజ్జిగ తెచ్చారు. ఆయన నవ్వు తగ్గించి అడిగారు: "సంతకం పెడితే నా బండి మీదకి వస్తదా?"

"రాదని మాటివ్వలేనండి. వాళ్లు అడిగితే అడగొచ్చు."

కాసేపు తాడు వంక చూశారు. ఆయన చర్చి సంఘంలో లెక్కలూ ఉత్తరాలూ రాసే పెద్ద. కళ్లజోడు పెట్టుకుని తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో తేదీ, చోటు, టిక్కీ బరువు వరుసగా రాశారు. చివర్లో: తాడు నేనే కట్టాను, సరిగా బిగించలేదు.

"ఆ వాక్యం అక్కర్లేదండి. వాళ్లు అడగలేదు," అన్నాను.

"అడక్కపోతే రాయకూడదా? మరి టిక్కీ దానంతటదే దూకిందా?"

12:50 దాకా బస్సు రాలేదు. స్టాపులో నిలబడి నా వాంగ్మూలం రాశాను. నాలుగు అంశాలు, వరుస సంఖ్యలతో. ఆయన కాగితం పక్కన పెట్టి చూశాను. ఆ రోజు నేను ట్రాక్టరుని దాటే తొందరలో దాని వెనకాలే అంటుకుపోయినట్టు నడిపాను. ఆ మాట ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తే క్లెయిమ్ ఏమవుతుందో తెలియదు. అయిదో అంశంగా రాశాను.

2 గంటలకి సర్వేయరు గారు రెండు కాగితాలూ చదివారు.

"అయిదోది రాయకపోయినా సరిపోయేదండి."

"ఆయన కాగితం పక్కన నాది పొట్టిగా కనబడిందండి."

సర్వేయరు గారు కారణం గడిలో డిక్కీ కొట్టేసి, మిర్చి బస్తా అని రాసి, పక్కన సంతకం చేశారు. "దగ్గరగా నడిపితే బీమా పోదు లెండి. ట్రాక్టరాయన్ని అడగాలా వద్దా అన్నది పైవాళ్ల ఇష్టం. ఇద్దరూ తప్పు ఒప్పుకున్నారని మాత్రం రాస్తాను," అన్నారు. మరమ్మతుకి అనుమతి 3:35కి ఫోన్లో వచ్చింది.

4:15కి ఒంగోలు బస్సు. చిలకలూరిపేట దగ్గర పత్తి లారీల మధ్య ఇరవై నిమిషాలు ఆగిపోయాం. ఈ పని మీద వెళ్లేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఫోన్లో వస్తువు పేరు చెప్పి ఊరుకోకండి, అదేమిటో చెప్పండి. కాయలు ఏరేముందు ఒక ఫోటో తీయండి. ఎదుటి మనిషి కాగితం చదివాకే మీ సంతకం పెట్టండి.

బస్సు కదిలాక అక్కకి ఫోన్ చేసి అయిదో అంశంతో సహా అన్నీ చెప్పాను.

"కారు ఎప్పుడిస్తారు?"

"పది రోజులు పడుతుందక్కా."

"అయితే పది రోజులూ నువ్వే నీ బైకు మీద బడికి దింపు. ముందు ట్రాక్టరు కనబడితే మాత్రం నేను దిగి నడిచొస్తా."