రామక్క పలికిన పేరు

ఆదివారం పొద్దున ఆదోనిలో వెంకోబారావు గారి కాఫీ హోటల్‌కి వెళితే కూర్చోడానికి చోటు దొరకదు. ఊళ్ళోని చిన్న రేడియో వాళ్ళు ఆ పూట అక్కడే మైకు పెట్టి, వచ్చినవాళ్ళ మాటలూ పాటలూ అప్పటికప్పుడే వినిపిస్తారు. బెంగళూరికి కూలికి పోయిన మనవాళ్ళు కూడా ఫోన్లలో వింటారు. ఆ సందట్లో లోపల గ్లాసులు కడిగే రామక్క ఎవరికి కనపడుతుంది? ఆమె మాత్రం ప్రతి మాటా చెవిన వేసుకుంటుంది.

ఆమె మొగుడు సుంకన్న. ఆస్పరిలో చేను ఎండిపోయిన ఏడు, బెంగళూరు బయలుదేరే ముందు తాగొచ్చి రభస చేశాడు. "మళ్ళా ఈ గడప తొక్కొద్దు" అనేసింది రామక్క. కోపంలో ఎవరు అనరు? ఆ మహానుభావుడు దాన్నే పట్టుకున్నాడు. మనిషీ రాలేదు, ఫోనూ రాలేదు. కూతురు మౌనికను అత్త దగ్గర వదిలి రామక్క ఈ పనిలో చేరింది.

రేడియోలో మాట్లాడే కృతి రెండుసార్లు సుంకన్న పేరు చెప్పి ఇంటికి రమ్మంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొమ్మన్నది తను, రమ్మనాల్సిందీ తనే అని రామక్కకు తెలుసు. కానీ మైకులో మొగుడి పేరు పలకాలి. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ పని చెయ్యరు. పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని భయం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, ఆమెకది నిజమైన భయం.

"మౌనిక నాయనా అంటే సాలదా పాపా?" అని కృతిని అడిగింది.

"ఆయన వినకపోతే పక్కనోళ్ళన్నా విని చెప్పాల గదక్కా. వాళ్ళకు తెలిసింది పేరే."

రామక్క మైకు ముందు కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హోటలంతా సద్దుమణిగింది. ఆమె మాట్లాడకపోవడం కూడా రేడియోలో పోతూనే ఉంది. కృతి కళ్ళతోనే బతిమాలింది.

"ఆస్పరి... సుంకన్నా!" కొంగు పక్కకు తీసింది. "నేను మౌనిక అమ్మను. కోపంలో నోరు జారినా. యాడుండినా వచ్చెయ్యప్పా."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఇదేమన్నా పాటల పోటీనా, చప్పట్లు కొట్టడానికి! రామక్క లేచి లోపలికి వచ్చి పడింది.

రొండిన దోపుకున్న ఫోను మోగింది. మొగుడేమోనని గబుక్కున తీసింది. చూస్తే అత్త. మౌనిక ఫోనులో పెట్టి వినిపించినట్టుంది. కొడుకు పేరు చెవిన పడ్డాక మిగతాదేమీ విన్నట్టు లేదు.

"మొగుడు బతికుండంగా ఏ ఆడదన్నా పేరెత్తుతాదా?" ముసలమ్మ వెక్కి వెక్కి ఏడుస్తోంది. "నా కొడుకు లేడని ఎవురు సెప్పినారే నీకు? నాకెందుకు సెప్పలేదు?"

"ఉన్నాడత్తా! ఉన్నాడనే పిలిసినా!" అని అరిచింది రామక్క.

అరిచాక తట్టింది. ఉన్నాడని మాత్రం తనకెవరు చెప్పారు?