నేనేగారి ఘనకార్యం

లోకంలో ఎక్కడ ఏ పని జరిగినా అందులో తన చెయ్యి ఉందని చెప్పుకోకపోతే నేనేగారికి అన్నం సహించేది కాదు. ఆయన అసలు పేరు జీతాల కాగితంలో ఉండేదేమో గానీ, ఆఫీసులో అందరి నోటా ఆయన నేనేగారే. "ఇది ఎవరు చేశారు?" అన్న ప్రశ్న పూర్తయ్యేలోపే "నేనే" అన్న జవాబు వచ్చి కూర్చునేది.

ఒకసారి లిఫ్టు చెడిపోయింది. మెకానిక్కు ఒంటినిండా గ్రీజు మరకలతో బయటికొచ్చి, "అయిపోయిందండీ," అన్నాడు.

"పొద్దున నేను దాన్నొక తన్ను తన్నాను," అన్నారు నేనేగారు. "అప్పుడే సగం బాగైంది. మిగతాది నువ్వు చూసుకున్నావు."

అకౌంటెంటు కూతురు పరీక్ష పాసయితే, "మొన్న ఆ పిల్ల ఇక్కడికొచ్చినప్పుడు పెన్సిలు చెక్కి ఇచ్చిందెవరు?" అని ఆయనే స్వీట్లు మొదట తీసుకున్నారు.

అది పార్కులకూ రోడ్లకూ డ్రాయింగులు గీసే ఆఫీసు. సిరా కలాలతో చేత్తో గీసిన రోజుల్లో నేనేగారు అక్కడ పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. కంప్యూటర్లు వచ్చాక కిటికీ పక్క బల్ల దగ్గర ప్రింట్లు మడతపెట్టే పనిలో ఉండిపోయారు. చెయ్యి మారింది గానీ నోరు మారలేదు.

"పల్లెటూరి బడిలో చదివానని తక్కువ అంచనా వెయ్యకండి. మట్టిలో వేలితో గీత గీస్తే మా మేష్టారు స్కేలు పెట్టి చూశారు. స్కేలే వంకరని తేలింది," అనేవారు. "వంతెన గీసినప్పుడయితే ఊపిరి బిగబట్టి ఒకటే గీత."

"వంతెన ఎంత పొడుగండీ?" అని అకౌంటెంటు కదిలించేవాడు.

"నా ఊపిరి ఎంత పొడుగో అంత."

ఆ ఆఫీసులో కొత్తగా చేరినావిడను అందరూ అక్క అనేవారు. పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక, వంట ముగించుకుని ఇంట్లోనే కంప్యూటరు డ్రాయింగు నేర్చుకుని వచ్చిన మనిషి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "ఈ పార్కు పని చూసి చెబుతాను," అన్నారు ఆఫీసు నడిపే ఇంజనీరుగారు. ఇది పోతే మళ్లీ ఏ ఆఫీసు మెట్లెక్కాలో, తన వయసు విని ఎవరు తలుపు తీస్తారో అని అక్కకు ఎప్పుడూ బెంగే.

పార్కు స్థలం కొలిచినవాళ్లు పెద్ద పట్టిక పంపారు. ఒక్కో వరుసలో ఒక్కో వస్తువు: చెట్టో, బెంచీయో, దీపస్తంభమో, పక్క గడుల్లో అది తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అన్న అంకెలు. ఇవన్నీ ఒక్కొక్కటిగా కొట్టక్కర్లేకుండా అక్క పట్టికను నేరుగా డ్రాయింగులోకి దించింది. మీట నొక్కగానే ఖాళీ తెర మీద చుక్కలు జల్లుమని రాలాయి.

"చూశావా," అన్నారు వెనక నిలబడ్డ నేనేగారు. "నేను బల్ల పట్టుకున్నాను గనక సరిపోయింది. లేకపోతే చెదిరిపోయేవి."

అక్క నవ్వుకుంటూ ప్రింటు తీసి కాంట్రాక్టరుకు పంపేసింది.

మర్నాడు కాంట్రాక్టరు ఫోను చేశాడు. ఇంజనీరుగారు అందరికీ వినబడేలా పెట్టారు.

"సార్, మీ డ్రాయింగులో దీపస్తంభం చెరువు నడిమధ్యలో ఉంది. మనుషుల్ని పంపనా, పడవని పంపనా? గేటుకు అడ్డంగా బెంచీ వేశారు. లోపలికి రాకముందే కూర్చోమనా?"

తప్పెక్కడో అక్కకు వెంటనే తట్టింది. డ్రాయింగులోకి దించేముందు, పట్టికలో చెట్లన్నీ ఒకచోటికి రావాలని పేర్లను అక్షరక్రమంలో పెట్టింది. పక్క గడులను కూడా కదపమంటారా అని కంప్యూటరు అడిగితే తొందరలో వద్దని నొక్కింది. పేర్లు కదిలాయి, అంకెలు కదల్లేదు. ఒకరి చిరునామాలో ఇంకొకరు దిగిపోయారు.

ఇంజనీరుగారు ఫోను పెట్టేశారు. "ఎవరు చేశారిది?"

అక్క పెదవులు విడివడేలోపే కిటికీ పక్కనుంచి వినిపించింది: "నేనే."

"బాబాయిగారూ, ఇది గొప్ప కాదు. తప్పు."

"తప్పయినా సరే, చిన్నది చేసే అలవాటు నాకు లేదు."

"మీరు కంప్యూటరు ముందు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదే."

"నిలబడి చేశాను."

"ఏం చేశారో చెప్పండి మరి."

"పేర్లు వరసలో పెట్టాను. అంకెల్ని కూడా రమ్మన్నాను, రాలేదు. వాటి ఖర్మ."

అక్క ఉలిక్కిపడింది. అంటే వెనక నిలబడి ఆయన అంతా గమనించారన్నమాట. ఇక ఆగలేక లేచింది. "కాదండీ. ఆ పని చేసింది నేనే."

ఆ ఆఫీసులో ఆయన మాటకు పోటీ రావడం అదే మొదలు. నేనేగారి మొహం కందగడ్డ అయింది. "చూశారా, నిన్నగాక మొన్న వచ్చి నా పనికి తన పేరు తగిలించుకుంటోంది."

ఇంజనీరుగారు కోపంగా ఉండాలని చాలా ప్రయత్నించారు. కుదరక నవ్వేశారు. "అక్కా, నేను ఇక్కడ చేరిన కొత్తలో మేడమెట్లు తిన్నగా గోడలోకి వెళ్లేలా గీశాను. అది కూడా ఈయనే చేశారు. అప్పటి పెద్దసారు ఈయనకు ప్రింట్లు మడతపెట్టమని శిక్ష వేశారు."

"శిక్షేమిటి, మడతలో నన్ను మించినవాడు లేడని ఆయనకప్పుడే తెలిసింది," అన్నారు నేనేగారు.

ఇంజనీరుగారు అక్క వైపు తిరిగారు. "ఇంకా గొయ్యి తవ్వలేదు గనక బతికిపోయాం. అసలు పట్టిక తీసి మళ్లీ దించు. దించాక కొన్ని చుక్కల్ని అంకెలతో పోల్చి చూడు. నేను అడిగితే నిజం చెప్పేవాళ్లు ఈ ఆఫీసులో నాకు కావాలి. బాబాయిగారితో ఎటూ ఆ పని కాదు. నువ్వు ఉండిపో."

అక్క అసలు పట్టికను మళ్లీ దించి, చుక్కల్ని అంకెలతో సరిచూసుకుంది. దీపస్తంభం గట్టెక్కింది. బెంచీ నీడలోకి వెళ్లింది. గేటు తెరుచుకుంది.

సాయంత్రం కాంట్రాక్టరు మళ్లీ ఫోను చేశాడు. "ఇప్పుడు అన్నీ వాటి వాటి చోట్ల ఉన్నాయి సార్. ఇంత చక్కగా సరిచేసిందెవరు?"

అలవాటు ప్రకారం అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. నేనేగారు ప్రింటు మడతను గోటితో నొక్కి, తలెత్తకుండానే అన్నారు:

"ఆవిడే."

అకౌంటెంటు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చాడు. "ఒంట్లో బాగానే ఉందాండీ?"

"బాగానే ఉంది," అన్నారు నేనేగారు. "ఆ మాట నా అంత బాగా అనగలిగినవాడు ఈ ఆఫీసులో ఇంకొకడు ఉంటే పిలువు, వింటాను."