షోలవరం పందేలు మా ఇంటికొచ్చిన ఏడాది

మొన్న ఆదివారం తిరుపతిలో మా ఇంట్లో భోజనాలయ్యాక మా అబ్బాయీ అల్లుడూ టీవీలో కార్ల పందెం చూస్తూ వాదనకు దిగారు. వరుసగా గెలుస్తున్న ఆ కుర్రవాడి గొప్పంతా వాడి చేతిలోనే ఉందని మా అబ్బాయి, అలాంటి కారిస్తే ఎవరైనా గెలుస్తారని అల్లుడు. తీర్పు చెప్పమని నన్నడిగితే నవ్వాపుకోలేక వంటింట్లోకి వచ్చేశాను. ఈ తగువు నాకు కొత్త కాదు. నలభై ఏళ్ల క్రితం సత్యవేడులో మా అత్తవారిల్లు దీనివల్లే రెండుగా చీలబోయింది.

నేను కాపురానికి వెళ్లేనాటికి ఆ ఇంట్లో పెద్దదిక్కు మా మామగారు. ఆయన తమ్ముడు, అంటే మా చిన్నమామగారు, పెళ్లి వద్దని అన్నగారి దగ్గరే ఉండిపోయిన మనిషి. మామగారికి అప్పుడే కొన్న తెల్లకారు ప్రాణమైతే, చిన్నమామగారికి తోట పనులకు తిప్పే పాత జీపు ప్రాణం. దాని తలుపు తాడుతో కట్టుకోవాలి. స్టీరింగు ఎడమవైపుకు తిప్పినప్పుడు తప్ప హారను మోగదు, అందుకని కుడివైపు మలుపుల్లో ఆయనే కిటికీలోంచి తల బయటపెట్టి కేకలేసేవారు.

ఆ రోజుల్లో మద్రాసుకు ఇవతల షోలవరంలో, ఎప్పటిదో పాత విమానాల రన్‌వే మీద మోటారు పందేలు జరిగేవి. మా వైపునుంచి సరదాపడి వెళ్లేవాళ్లు చాలామందే. అన్నదమ్ములిద్దరూ ఒక ఏడాది పులిహోర కట్టించుకుని కలిసి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు చెరోవైపు ముఖం తిప్పుకుని దిగారు. అక్కడ నేలబారుగా ఉండే ఎర్రకారొకటి అందరినీ వెనక్కి నెట్టి గెలిచిందట. గెలిపించింది కారని మామగారూ, తోలినవాడని చిన్నమామగారూ దారిలో ఊతుకోట దాటకముందే మాటామాటా అనుకున్నారు.

తర్వాత నెలరోజులు ఒకే పంక్తిలో కూర్చుని భోంచేస్తూ కూడా ఇద్దరికీ మాటల్లేవు. ఏం చెప్పుకోవాలన్నా మధ్యలో మా అత్తగారే. పులుసు బాగుండాదని మీ మరిదికి చెప్పు అని ఆయన, నేనూ అదే అనుకుంటుండానని అన్నకు చెప్పు వదినా అని ఈయన. వడ్డనకు ఈ రాయబారం కూడా తోడై అత్తగారికి విసుగు పుట్టింది. ఏదో ఒకటి తేల్చుకోండని ఆవిడే అన్నారు. ఆ మాటను ఇద్దరూ పందెమని అర్థం చేసుకున్నారు.

ఇంటి దగ్గర బయలుదేరి నాగలాపురం దారిలో ఉన్న మా మామిడితోట గేటు చేరాలి. అత్తగారూ నేనూ ముందే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాం. తెల్లకారు వచ్చి, మామగారు దిగి, కొబ్బరినీళ్లు తాగి, మూతి తుడుచుకున్నాక దూరంగా చిన్నమామగారి కేకలు వినిపించాయి. దాంతో వాదన ముగిసిందనుకున్నాం. బండిదే గొప్పని నెలరోజులుగా పట్టుబట్టిన మామగారికి, తీరా తాను గెలిచాక, ఆ ఘనత బండికి వదిలిపెట్టడానికి మనసొప్పలేదు. చేతిలో పనితనముండాలని మొదలుపెట్టారు. డ్రైవరుదే గొప్పన్న చిన్నమామగారు, అంత మంచి కారుంటే ఎద్దులు తోలేవాడైనా గెలుస్తాడన్నారు. ఇద్దరూ మాటలు మార్చుకున్న సంగతి వాళ్లకు తోచలేదు. మాకు తోచినా చెప్పే ధైర్యం లేకపోయింది.

మరుసటి వారం బండ్లు మార్చుకుని మళ్లీ పందెం పెట్టుకున్నారు. చిన్నమామగారు కారులో దూసుకొచ్చారు. మామగారి జీపు మేకలమందలో చిక్కుకుంది. కేకలేయడం పెద్దమనిషి తరహా కాదని ఆయన చివరి మేక దాటేదాకా హుందాగా కూర్చున్నారట. ఇంకేముంది, ఎవరి పాత వాదనకు వాళ్లు తిరిగి వచ్చేశారు. అయితే ఈసారి ఉక్రోషంలో మామగారు ఒక మాట జారారు.

"గెలిసింది నువ్వు కాదురా, నా కారు."

ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ దేన్నీ "నాది" అనగా నేను వినలేదు. ఇంటికి రాగానే చిన్నమామగారు పరుపు చుట్టి, ట్రంకుపెట్టె తెచ్చి జీపులో వేసుకున్నారు, తోటలోని పంపుసెట్టు గదిలో ఉంటానని. అరుగు మీద మామగారు నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. అప్పుడు అత్తగారు కొంగు బిగించి వాకిట్లోకి వచ్చారు.

"పోయేవాణ్ణి దిగబెట్టి రావాల గదా. ఇద్దురూ జీపెక్కండి. కోడలు తోలతాది."

"ఆ పిల్లకేం తెలుసు?" అన్నారు మామగారు.

"సిత్తూరులో వాళ్ల నాయన నేర్పినాడంట. పెళ్లిసూపుల్లోనే సెప్పినారు. మీరు ఇంటే గదా!"

నాయన నేర్పిన మాట నిజమేగాని స్టీరింగు పట్టి రెండేళ్లయింది. పక్కనొకరు వెనకొకరు కూర్చుంటే వాళ్ల మాటల నడుమ నేను. గేరు మార్చమ్మా అని ఒకరు, వద్దు వద్దని ఒకరు. బ్రేకు తొక్కమని ఒకరంటే, తొక్కితే ఆగిపోతుందని ఇంకొకరు. ఊరు దాటిన కాసేపటికి ఒక ఆవు తీరిగ్గా రోడ్డుకు అడ్డం వచ్చింది. నేను తిప్పాను. జీపు నీళ్లు కట్టిన శెనక్కాయల చేలోకి మెత్తగా దిగి కూర్చుంది.

ఇద్దరూ పంచెలు ఎగగట్టి బురదలోకి దిగి, భుజం భుజం కలిపి తోశారు.

"బండిది తప్పేం లేదురా," అన్నారు మామగారు రొప్పుతూ.

"నేనూ అదే సెప్తుండా గదన్నా, అంతా తోలేవాళ్లలో ఉండాది."

నెల దాటాక వాళ్లిద్దరూ పోట్లాట లేకుండా నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలవి. ఆవు సంగతి ఎవరూ ఎత్తలేదు. చిన్నమామగారు స్టీరింగు తీసుకున్నారు, పక్కన మామగారు, వెనక పరుపు మీద నేను. జీపు తోటవైపు కాక ఇంటివైపు తిరిగింది. దారి పొడుగునా నా డ్రైవింగులో లోపాలు చెప్పుకుని ఇద్దరూ కడుపారా నవ్వుకున్నారు. ఆ రాత్రి అత్తగారు నాకు నెయ్యి మరో గరిటె వేసి, కావాలనే దింపినావు కదా అని చెవిలో అడిగారు. లేదత్తా, నిజంగానే ఆవు వచ్చిందన్నాను. ఆవిడ చివరిదాకా నమ్మలేదు.

ఆ తర్వాత నేనెప్పుడు బండి తీసినా ఇద్దరిలో ఒకరు పక్కన కూర్చుని తప్పులు పట్టేవారు. ఇప్పుడు వాళ్లు లేరు. మా ఇంట్లో మనిషికొక బండి; ఎవరి వేళకు వాళ్లు ఒంటరిగా వెళ్లి వస్తారు. మొన్నటి వాదన కూడా టీ వచ్చేసరికి చల్లారిపోయింది, ఎవరి ఫోన్లలోకి వాళ్లు వెళ్లిపోయారు. మంచిదే, ఇళ్లు నిలబడుతున్నాయి. నేను చంద్రగిరి దాకా వెళ్లాలన్నా కారే దారి చెబుతుంది. మలుపు తప్పితే కసురుకోదు, నవ్వదు. తేనెలాంటి గొంతుతో ఇంకో దారి చూపిస్తుంది. అంత మర్యాద నాకింకా అలవాటు కాలేదు.