నల్లోడికి వేసిన కోడి ఎముకలు

రాజ్యం,

నా రాత, తప్పులు చూసి నవ్వుకోకు. నాలుగో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది.

ఇవాళ ఇక్కడ గూడెంలో కోడికూర వండాను. ఆ మసాలా వాసనకి మన కుక్క నల్లోడు గుర్తొచ్చాడే. కొల్లేటి గట్టున తడి వలల మీద పడుకుని, మనం పెట్టిన చేపతలలు తినేవాడు చూడూ. నా పెళ్లిచూపులకి పడవలో వచ్చినవాళ్లకి కోడిని కోశారు. ఈయన భోంచేసి, ఉడికిన ఎముకలు వాడికి విసిరారు. చీలిన ముక్క గొంతులో గుచ్చుకుని, వాడు పెరట్లో నెత్తురు కక్కుకుని చచ్చిపోతుంటే మా అమ్మ నా నోరు నొక్కేసింది. "ఏడవకే, పెళ్లివారు వింటారు" అంది. నువ్వు నా పక్కనే ఉన్నావు.

ఇవాళ ఈయన మళ్లీ విస్తట్లో ఎముకలు పోగుచేసి, వీధిలో కుక్కపిల్లని పిలిచారు. నేను విస్తరి లాగేసుకున్నాను.

"ఏంటే అది? కుక్కలు తినేది ఎముకలే కదా."

"ఉడికిన ఎముక చీలుతుందండి. మా నల్లోణ్ణి చంపింది మీరేనండి."

పెళ్లయ్యాక ఆయనకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. ఆయన నా మొహం చూసి, "ఏ నల్లోడు?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది రాజ్యం. ఆ ఎముకలన్నీ పొయ్యిలో వేశాను. చదివాక ఈ ఉత్తరాన్నీ నీ పొయ్యిలో వేసెయ్యి.